బొట్టు బొట్టుగా తిన్న వంటవాడు

నేను చదువుకున్నది పల్లెటూరి బడిలో, ఐదో తరగతి వరకు. అయితేనేం, బస్సు డిపోలో హెడ్ ఫిట్టర్‌గా రిటైరయ్యాను. ఇంజనీర్లు పాత ఇనుము కింద తోసెయ్యమన్న బస్సును విప్పి, బాగుచేసి, మళ్ళీ రోడ్డెక్కించాను. నేను రిటైరయ్యాక కూడా అది తిరుగుతూనే ఉంది. నా చేతికింద పని నేర్చుకున్నవాళ్ళు ఇవాళ చాలా డిపోల్లో హెడ్ ఫిట్టర్లు. నాకిచ్చిన మెడల్ ముందు గదిలో గోడకు ఉంది, ఎవరొచ్చినా చూపిస్తాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్ని చేసినవాడు చెప్పే మాట కదా అని మీరు కాస్త చెవిన వేసుకుంటారని. నా సర్వీసులో నేను పట్టుకున్న లీకులకు లెక్కలేదు. వాటన్నిటిలోకీ చిత్రమైన లీకు మాత్రం ఇంజనులో దొరకలేదు. మా బావలో దొరికింది.

మా బావ అంటే మా చెల్లెలి మొగుడు. అదే డిపో క్యాంటీనులో పెద్ద వంటవాడు. అందరూ ‘గరిటె’ అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి కూడా చూడడు. మీసాలు రాకముందు గిన్నెలు తోమడానికి చేరాడు. తర్వాత కూరలు తరిగాడు, తర్వాత అన్నం గుండిగ దించాడు, ఆఖరికి పెద్ద పొయ్యి దగ్గరకు వచ్చాడు. పొద్దున బండి తీసే డ్రైవరు మొదలుకొని బస్సులు కడిగేవాళ్ళ దాకా డిపో అంతా ఆయన చేతి వంట తిని బతికిందే.

ఆయన పనితీరు చూడటానికే ఒక ముచ్చట. గరిటెను కూరలో ముంచి, పైకెత్తి, దాని కొస నుంచి ఎడమ అరచేతి గుంటలోకి ఒక్క బొట్టు జార్చేవాడు. నాలుకతో అందుకుని, కళ్ళు సగం మూసి, ‘ఊఁ’ అనేవాడు. ఆ ‘ఊఁ’ వచ్చిందంటే పొయ్యి మీది గిన్నె దిగినట్టే. రాకపోతే ఉప్పో కారమో పడాలి, మళ్ళీ బొట్టు, మళ్ళీ నాలుక. ఆ ఒక్క అక్షరం కోసం వంటింట్లో అందరూ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్ళు.

అలాంటి మనిషికి పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం లేదని మొదట కొత్త చెప్పులు కొన్నాడు. బియ్యం బస్తా ఎత్తబోతే ఆయాసం వస్తే బస్తాను తిట్టాడు. మంచం మీద వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని తెలిశాక మా చెల్లెలు ఇంక ఊరుకోలేదు, చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

డాక్టరమ్మ చిన్న వయసుదే గాని నిదానస్తురాలు. రక్తపోటు చూసింది, గుండెకు పరీక్షలు చేయించింది, పాదం మీద బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది.

“గుండె అలిసిపోయిందండీ. ఒంట్లో నీరు నిలబడుతోంది. ఏం తింటారు మీరు?”

“పెద్దగా ఏమీ తిననమ్మా,” అన్నాడు బావ.

“ఆ మాట మాత్రం నిజమే డాక్టరమ్మా,” అంది చెల్లెలు. “కోడి కెలికినట్టు కెలుకుతారు. ఊరందరికీ వండిపెట్టే మనిషికి నా వంట ఆనుతుందా? నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుగుతారు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే వరస.”

డాక్టరమ్మ మాత్రలు రాసింది, ఇంట్లో ఉప్పూ నూనే తగ్గించమంది. కొన్నాళ్ళకు మళ్ళీ వెళితే వాపు అలాగే ఉంది, రక్తపోటు కూడా దిగలేదు. ఆవిడ కాగితాలు పక్కన పెట్టి బావ ముఖంలోకి చూసింది.

“మాత్రలు వేసుకుంటున్నారు. ఇంట్లో వంట చప్పగా చేస్తున్నారు. అయినా ఉప్పు ఎక్కడినుంచో లోపలికి వెళుతూనే ఉంది. ఎక్కడినుంచో కనిపెట్టండి. కనిపెట్టలేకపోతే మీరు ఆ పొయ్యి వదిలేసి ఇంట్లో కూర్చోవాలి. ఇలాగే సాగితే ఈ గుండె ఎక్కువ రోజులు మొయ్యదు.”

పొయ్యి వదలమంటే బావ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. గుండె సంగతి చెప్పినప్పుడు కూడా అంత బెదరలేదు.

ఇంటికి వస్తూనే చెల్లెలు అందుకుంది. “చాటుగా ఏం తింటున్నారో చెప్పండి. వేపుళ్ళా? నూనెలో దేవినవా? అక్కడ కుక్కుకుని వచ్చి ఇక్కడ ఆకలి లేదంటారు!”

“నీ మీద ఒట్టు, ముద్ద ముట్టను. వంటవాడు పొయ్యి దగ్గర తినకూడదని నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు. ఈ రోజుకీ తప్పలేదు.”

“మరి ఉప్పు గాలిలోంచి వస్తోందా?”

వాళ్ళిద్దరూ అలా అరుచుకుంటుంటే నాకు మాత్రం కుతూహలం పట్టుకుంది. మా బావ అబద్ధం చెప్పడు, డాక్టరమ్మ మాటా అబద్ధం కాదు. రెండూ నిజమైతే మధ్యలో ఏదో కారుతోందన్నమాట. ఇంజను కింద నూనె మరక కనిపిస్తే మేము డ్రైవర్ని అడిగేవాళ్ళం కాదు, ‘నేనేం చెయ్యలేదు’ అంటాడు. కింద ఒక రేకు డబ్బా పెట్టి కూర్చునేవాళ్ళం. ఎక్కడ కారుతోందో, ఎంత కారుతోందో ఆ డబ్బాయే చెబుతుంది. చిమ్మచీకట్లో చెయ్యి పెట్టి, నూనె ఏ నట్టు నుంచి వస్తోందో చెప్పిన రోజులున్నాయి నాకు. మనిషి దగ్గర మాత్రం పనికిరాదా ఆ విద్య?

మర్నాడు పొద్దున్నే క్యాంటీను వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను.

వంటింట్లో రెండో పొయ్యి చూసుకునే ఆవిడ ఒకతె ఉంది. సన్నగా పొడుగ్గా ఉంటుంది, అందుకని ‘అట్లకాడ’ అంటారు. బావను బాబాయ్ అంటుంది. నన్ను చూసి నవ్వింది. “ఏంటి పెద్దాయనా, రిటైరయ్యాక మా గిన్నెలకు సర్వీసింగా?”

“మీ బాబాయ్‌కి,” అన్నాను.

ఉల్లిపాయ వేగుతోంది, పప్పు ఉడుకుతోంది, గోడలు చెమరుస్తున్నాయి. బావ ముద్ద ముట్టలేదు, మంచినీళ్ళు తప్ప ఏమీ తాగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. గరిటె ముంచాడు, అరచేతిలో బొట్టు, నాలుక, ‘ఊఁ’. పక్క గిన్నె దగ్గరకు వెళ్ళాడు, బొట్టు, నాలుక. అట్లకాడ తన గరిటె అందించింది, దాంట్లోంచీ బొట్టు. మొదటి గిన్నెలో ఉప్పు వేసి మళ్ళీ బొట్టు. చూడగా చూడగా నా తలలో ఏదో టక్కుమంది.

“బావా, ఒక గ్లాసు ఇస్తావా?”

“ఎందుకు?”

“నువ్వు రుచి చూసిన ప్రతిసారీ అంతే ఇంకోటి ఈ గ్లాసులో వంచు.”

“నీకేమైనా మతిపోయిందా? రుచి చూడటం తినడం ఎలా అవుతుంది?”

అట్లకాడ కూడా ముక్కున వేలేసుకుంది. “అవును పెద్దాయనా, నాలుకకు తగిలీ తగలనంతేగా.”

“తగిలీ తగలనంతే వంచండి. నష్టం ఏముంది?”

గొణుక్కుంటూనే వంచాడు. పనిలో పడ్డాక మరిచిపోయేవాడు, నేను గ్లాసు చాచేవాణ్ణి. బొట్టు అంటున్నానే గాని, పెద్ద గుండిగల దగ్గర ఆయన అరచెయ్యి నిండేది. అది ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. మధ్యాహ్నం బండ్లు తిరిగొచ్చే వేళకు గ్లాసు అంచు దాకా నిండింది, ఇంకో గ్లాసు తెమ్మన్నాను. సాయంత్రం వంటకు అది కూడా నిండింది. చల్లారాక చూస్తే పైన వేలు మందాన నూనె తేలి ఉంది.

వాటిని బావ ముందు పెట్టాను. “తాగు.”

“ఛీ! ఉత్త పులుసు, ఇంత ఉప్పూ నూనే, ఎవరైనా గ్లాసులతో తాగుతారా?”

“ఇవాళ తాగావు. నిన్నా తాగావు. పెద్ద పొయ్యి ఎక్కిన రోజు నుంచీ తాగుతున్నావు.”

బావ గ్లాసు వంకా, తన అరచెయ్యి వంకా మార్చి మార్చి చూసుకున్నాడు. అట్లకాడ చప్పుడు చెయ్యకుండా తన అరచేతిని కొంగుకు తుడుచుకుంది.

మర్నాడు చెల్లెల్ని కూడా తీసుకుని ఆ గ్లాసులతో ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ వాటిని చూసి నవ్వలేదు, కుర్చీ ముందుకు లాక్కుంది. “ఇదా! నేను ఏం తింటారని అడిగాను గాని ఏం రుచి చూస్తారని అడగలేదు. ఇకనుంచి వంటపని చేసే ప్రతివాళ్ళనీ అడుగుతాను,” అంది. తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, నీరు పెరిగితే గుండెకు తోడే పని పెరుగుతుంది. పంపు గురించి చెబితే నాకు వేరే వివరించాలా? పైపుల్లో ఒత్తిడి పెంచి, పంపును రాత్రీ పగలూ తిప్పితే ఏమవుతుందో నా చేతులకు తెలుసు. ఇంకో సంగతి కూడా చెప్పింది. ఆ గ్లాసులతో కడుపు సగం నిండిపోవడం వల్లే ఇంట్లో కూరగాయలకూ పప్పుకూ పండుకూ చోటు లేకుండా పోయిందట.

అది విని మా చెల్లెలు గబుక్కున ముఖం తిప్పుకుంది. ఇన్నేళ్ళూ తన వంట నచ్చక తినడం లేదనుకుంది కదా పిచ్చిది.

“కొన్ని వారాలు పొయ్యి దగ్గరకు వెళ్ళకండి. తర్వాత చూద్దాం,” అంది డాక్టరమ్మ.

“తర్వాతయినా రుచి చూడొద్దంటారు కదమ్మా. రుచి చూడని వంటవాడు కళ్ళకు గంతలు కట్టుకున్న డ్రైవరుతో సమానం. ఇంక నా పని అయిపోయినట్టే,” అన్నాడు బావ.

ఆ వారాలు మా చెల్లెలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఉడికించిన కూరలు, కాసిని గింజలు, పప్పు, పొట్టు తియ్యని ధాన్యంతో రొట్టె, నిమ్మకాయ పిండిన ఆకుకూర, రోజూ ఏదో ఒక పండు. బావ పళ్ళెం ముందు కూర్చుని గడ్డి మేస్తున్నవాడిలా నమిలేవాడు. “కాగితం ఉడకబెట్టి పెట్టినా ఇలాగే ఉంటుందే,” అనేవాడు. “అయితే కాగితమే తినండి, కలిసొస్తుంది,” అనేది ఆవిడ.

నేను సాయంత్రాలు వెళ్ళి ఆయన్ను నడిపించేవాణ్ణి. ఇప్పటికీ ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరకు ఆయాసం లేకుండా నడుస్తాను నేను. ఆయన మొదట కిళ్ళీకొట్టు దగ్గరే ఆగిపోయేవాడు. తర్వాత తర్వాత నాతో మలుపు దాకా వచ్చాడు.

ఒకరోజు భోజనం దగ్గర ఉన్నట్టుండి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు.

“ఏమే, క్యాబేజీలో పంచదార వేశావా?”

“పంచదార ఎందుకు వేస్తానండీ!”

“తియ్యగా ఉందే.”

“అది క్యాబేజీ అండీ.”

ఆయన లేచి చెయ్యి కూడా కడగకుండా వంటింట్లోకి వెళ్ళాడు. పచ్చి క్యాబేజీ ఆకు చించి నమిలాడు. క్యారెట్ కొరికాడు. ఉడికిన అన్నం ఒక్క మెతుకు నాలుక మీద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. నేను వెళ్ళేసరికి బల్ల నిండా కొరికి పెట్టిన ముక్కలు, మధ్యలో బావ.

“బావా, ఇటు రా. ఈ బీన్సు చూడు. పచ్చివాసన వెనకాల ఇంకో రుచి ఉంది. నేనింతకాలం దీని మీద ఉప్పు పోసి కప్పెట్టాను!”

అప్పటినుంచి పళ్ళెం ఖాళీ అవుతూ వచ్చింది. ఇంకొంచెం వడ్డించమని ఆయన అడిగిన రోజు మా చెల్లెలు నాకు ఫోను చేసి మరీ చెప్పింది.

కాళ్ళ వాపు కాస్త దిగాక, ఒక మధ్యాహ్నం ఊసుపోక డిపోకు వెళ్ళాం. అట్లకాడ పరుగెత్తుకొచ్చి కుర్చీ వేసింది. కూర ఒక చెంచాడు మాత్రం పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. బావ నోట్లో పెట్టుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది, గబగబా నీళ్ళు తాగాడు.

“ఎవరు చెడగొట్టారమ్మాయ్ ఇది? ఉప్పు గుమ్మరించారా?”

“అయ్యో బాబాయ్, అది మీ కొలతే. మీ ఉప్పు గిన్నే. మీరు చూపించినట్టే అంచుకు సమంగా తలగొట్టి పోశాను. అందరూ బాగుందనే తింటున్నారు.”

మా బావ చెంచా కింద పెట్టి కిటికీలోంచి భోజనాల గది వైపు చూశాడు. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు వరసగా కూర్చుని ఆవురావురుమని తింటున్నారు. ఆయన నాలుక మొద్దుబారిన కొద్దీ చెయ్యి ఉప్పు పెంచుకుంటూ పోయింది. వాళ్ళ నాలుకలు ఆయన చెయ్యి వెంట నడిచాయి. ఏ ఒక్కరికీ తెలియలేదు.

“నేను మళ్ళీ పొయ్యి ఎక్కాలి బావా,” అన్నాడు బయటికొచ్చాక. “వాళ్ళ నాలుకలకు ఉప్పు ఎక్కించింది నేనే, దించాల్సిందీ నేనే.”

డాక్టరమ్మను అడిగితే, వంట చేయించండి గాని నాలుక మీద బొట్టు పడనివ్వకండి అంది. రుచి చూసే పని మిగతావాళ్ళు పంచుకుని, చూశాక ఉమ్మేసి నోరు పుక్కిలించాలని కూడా చెప్పింది.

ఇక్కడ మా బావ తొందరపడ్డాడు. వెళ్ళిన రోజే ఉప్పు సగానికి కోసేశాడు. నెమ్మదిగా వెళ్ళమని నేను చెబుతూనే ఉన్నాను. మూడో గేరులో ఉన్న బండికి ఒక్కసారి బ్రేకు తొక్కితే జనం సీట్లలోంచి లేచి వచ్చి పడరూ? పళ్ళేలు సగం నిండుగా వెనక్కొచ్చాయి. మా డిపోలో ‘హారన్’ అని ఒక డ్రైవరు ఉన్నాడు, గొంతు విప్పితే గేటు దాకా వినిపిస్తుంది. వాడు కిటికీలో తల దూర్చాడు.

“గరిటె మామా! ఆసుపత్రి నుంచి వచ్చింది నువ్వు, పథ్యం మాకెందుకు?”

“ఒంటికి మంచిదిరా.”

“మా ఒంటి సంగతి మేం చూసుకుంటాం. రేపు కూడా ఇలాగే ఉంటే మేనేజరు దగ్గరకెళ్ళి కొత్త వంటవాణ్ణి పెట్టమంటాం. ఏమనుకోకు!”

అన్నట్టే వెళ్ళారు. మేనేజరు బావను పిలిచి, మంచిగానే, “ఒంట్లో బాగోలేకపోతే రెస్టు తీసుకోండి, రెండో ఆవిడ చూసుకుంటుంది,” అన్నాడు. అంటే అర్థం అందరికీ తెలుసు. మర్నాటి నుంచి పాత కొలతే పడింది.

బావ కుంగిపోయాడు. అట్లకాడ ఒక మాట అంది, అది నాకు తట్టనే లేదు. “కొంచెం కొంచెం తగ్గిద్దామన్నా కుదరదు పెద్దాయనా. గిన్నె వెలితిగా కనబడితే నా చెయ్యి ఊరుకోదు. తెలిసి కూడా ఇంకో చిటికెడు వేసేస్తున్నాను.”

చెయ్యి ఊరుకోనప్పుడు గిన్నెనే మార్చాలి. ఇది నా శాఖ. ఆ రాత్రి భోంచేశాక నా పనిముట్ల పెట్టె తీశాను. ఉప్పు గిన్నె అడుగుకు సరిపోయేలా స్టీలు రేకులోంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరించి, అంచులు చెయ్యి కోసుకోకుండా ఆకురాయితో రాకాను. నా చేతి నునుపు చూడాలి మీరు, మిషను మీద కోసినట్టు వచ్చాయి. ఒక బిళ్ళ అడుగున వేస్తే గిన్నె పైకి నిండుగానే కనిపిస్తుంది, లోపల మాత్రం వెంట్రుక మందాన తక్కువ పడుతుంది. నాలుకలు దానికి అలవాటు పడ్డాక ఇంకో బిళ్ళ.

ఎవరికీ చెప్పలేదు, మా ముగ్గురికే తెలుసు. కొత్త బిళ్ళ పడిన రోజు మేం ముగ్గురం వంటింటి కిటికీ పక్క నిలబడి పరీక్ష రాసిన పిల్లల్లా వాళ్ళ ముఖాలు చూసేవాళ్ళం. ఒకసారి హారన్ ముద్ద నోట్లో పెట్టుకుని తల పక్కకు వంచాడు. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. వాడు పంటి సందులోంచి చిన్న పుల్ల తీసి పారేసి మళ్ళీ తినసాగాడు. అట్లకాడ నవ్వాపుకోలేక పొయ్యి వెనక్కి పరుగెత్తింది. బిళ్ళలు పడే కొద్దీ బావ మరోపక్క వేరే పనులు చేశాడు. నూనె తగ్గించి ఉల్లిపాయను ఓపికగా వేయించడం, దించే ముందు నిమ్మరసం పిండటం, పళ్ళెంలో ఒక పక్కన పచ్చి కూరముక్కలు పెట్టడం. ఆ ముక్కల్ని మొదట వదిలేశారు. తర్వాత హారనే రెండోసారి అడిగాడు.

ఈలోగా డాక్టరమ్మ బొటనవేలితో నొక్కితే పాదం మీద గుంట పడటం మానేసింది. మాత్రలు మాత్రం మానొద్దంది, ఈ గుండెను జీవితాంతం కనిపెట్టుకుని ఉండాలంది. బావ లేచి నిలబడి, పెళ్ళికొడుకులా తలొంచుకుని అడిగాడు.

“ఒక్క బొట్టు... రోజుకు ఒక్కటి... చూడనిస్తారా అమ్మా? మింగనులెండి.”

డాక్టరమ్మ ఒక వేలు చూపించింది. “ఒక్కటే. ఏ గిన్నెలోంచో మీ ఇష్టం. అరచేతి నిండా కాదు.”

మర్నాడు నేను స్టూలు వేసుకుని కూర్చున్నాను. బావ ఏ గిన్నెలోనూ గరిటె ముంచలేదు. వంచిన చెవితో నూనె చప్పుడు విన్నాడు, పప్పును వేళ్ళ మధ్య నలిపి చూశాడు, ఆవిరి ముక్కుకు తగిలేలా నిలబడ్డాడు. అన్నీ దిగబోయే వేళకు పెద్ద కూర గుండిగ దగ్గరకు వచ్చి గరిటె ముంచాడు. గిన్నెలు తోమే చప్పుడు ఆగిపోయింది. అట్లకాడ మంట తగ్గించింది. అరచేతి గుంటలో ఒక్క బొట్టు మెరిసింది, అంతే.

నాలుకతో అందుకుని కళ్ళు సగం మూశాడు. ‘ఊఁ’ అనలేదు. ఒక్కొక్క రుచినీ విడదీసి పలకరిస్తున్నట్టు చాలాసేపు అలాగే నిలబడి, ఉమ్మేసి, నోరు కడుక్కుని వచ్చాడు.

“బాబాయ్, ఉప్పా?” అంది అట్లకాడ భయంభయంగా.

“ఉప్పు కాదమ్మాయ్. ఉల్లిపాయ తొందరపడి దించావు, ఇంకొంచెం వేగాల్సింది. రేపు నేను పక్కనే నిలబడి చెబుతాను. పద, బండ్లు వచ్చే వేళయింది, వడ్డించండి.”